డబ్బా మీద ఏం రాసుంది వదినా?

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ అంటే భిలాయ్ వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఇనుము. వరసగా ఫ్యాబ్రికేషన్ షెడ్లు, లోడు దిగే లారీలు, వెల్డింగ్ వెలుగులు, ఎర్రటి దుమ్ము. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని భిలాయ్ చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. శ్రీకాకుళం, విజయనగరం యాస ఆ ఇళ్లలో ఇప్పటికీ వినబడుతుంది, మధ్యమధ్య హిందీ కలిసి. అలాంటి ఒక ఇంట్లో వదినా మరదళ్ల మధ్య వాదం లేచింది. కారణం పెళ్లి కుదిరిన ఆడపిల్ల జుట్టు.

ఒత్తుగా, నల్లగా, దువ్వెన దిగబడితే మళ్లీ బయటికి రానంత దట్టమైన ఉంగరాల జుట్టు పిల్లది. వానాకాలం వచ్చిందంటే తల చుట్టూ పొంగి నిలబడుతుంది. రిసెప్షన్‌కి మాత్రం సాఫీగా, నడుము దాకా జారేలా ఉండాలని దాని కోరిక. తల్లి బ్యూటీ పార్లర్ నడుపుతుంది కాబట్టి ఆమెకు ఇది ఒక్క పూట పని. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేనత్త కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మాట చెవిన పడగానే ఆమె వద్దంది.

“ఏటే నీ భయం?” అంది వదిన. “రోజుకి పదిమందికి చేస్తాను. నీది పుట్టుకతోనే సాఫీ జుట్టు, ఇలా దువ్వి అలా ముడేసుకుంటావు. ఈ పిల్లకి చిన్నప్పుడు చిక్కు తీయాలంటే ఇద్దరం పట్టుకునేవాళ్లం. బడికి వెళ్లే ముందు రోజూ ఏడుపే. ఇరవైమూడేళ్లు ఓర్చుకుంది, ఇప్పుడు తనకి కావాలంటోంది. దాని తల, దాని ఇష్టం.”

ఈ మాటలో బరువుంది. ఉంగరాల జుట్టు బాగుంటుందని మెచ్చుకునేవాళ్లలో చాలామందికి దాన్ని రోజూ మోయాల్సిన పని లేదు. మరదలికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఇష్టం గురించి వాదించలేదు.

“ఇష్టం సరే వదినా. జుట్టు పాడవకుండా సాఫీ చేస్తానన్నావు చూడు, నా అభ్యంతరం ఆ ఒక్క మాటకే. పాడవకుండా అంటే ఎంతకాలం సాఫీగా ఉండాలి? ఒక్క పూటకా, ఆరునెలలకా? రెంటికీ చాలా తేడా ఉంది.”

తేడా ఏమిటో ఆమె పాఠంలాగే చెప్పింది. వెంట్రుక కుదురు నెత్తి కింద వంపు తిరిగి ఉంటే, అందులోంచి వచ్చే వెంట్రుక కూడా వంపుతోనే పెరుగుతుంది. కాబట్టి బయట ఎంత సాఫీ చేసినా కొత్తగా మొలిచేది మళ్లీ ఉంగరమే. వెంట్రుకలో ఉన్నది కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో కొన్ని బలహీనమైనవి, నీళ్లు తగిలితే విడిపోయి, ఆరాక మళ్లీ కలుస్తాయి. వాటిని హైడ్రోజన్ బంధాలంటారు. తడి జుట్టును చాపి ఆరబెడితే ఆ పూటకు సాఫీగా ఉండటం, డ్రయ్యర్, ఐరన్ పని చేయడం వీటివల్లే. గంధకంతో ఏర్పడిన డైసల్ఫైడ్ బంధాలు మాత్రం గట్టివి. నీళ్లకీ లొంగవు, మామూలు వేడికీ లొంగవు. నెలల తరబడి సాఫీగా ఉండాలంటే వాటినే తెంచాలి.

“తెంచి మళ్లీ అతికిస్తాం కదా! రీబాండింగ్ అనే పేరే అందుకు వచ్చింది. మొదటి క్రీము విప్పుతుంది, ఐరన్ చాపుతుంది, రెండో క్రీము బిగిస్తుంది.”

“మొదటి క్రీములో థయోగ్లైకోలేట్, రెండోదానిలో హైడ్రోజన్ పెరాక్సైడ్. అంతవరకు నువ్వు చెప్పింది నిజమే. కానీ తెగినవన్నీ తిరిగి అతకవు. మిగిలినవి అలా తెగి ఉండిపోతాయి. వెంట్రుకలో ప్రాణం లేదు వదినా, చర్మం మీద గాయంలా మానిపోవడానికి.”

వదిన ఊరుకోలేదు. భిలాయ్‌లో పుట్టి పెరిగిన మనిషి, పోలిక ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసు. “మా ఊరి రైలుపట్టా సంగతి నీకు తెలీదు. యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా తీస్తారు. చల్లారేటప్పుడు అది వంగిపోతుంది, పైభాగం ఒకలా, అడుగుభాగం ఒకలా చల్లారతాయి కాబట్టి. రోలర్ల మధ్య పెట్టి తిన్నగా చేస్తారు. దానిమీద రైళ్లు పోవడం లేదా? తిన్నగా చేస్తే పట్టా పాడైపోయిందా?”

“పాడవలేదు. కానీ తిన్నగా చేసినప్పుడు లోపల ఒత్తిడి మిగులుతుంది. అందుకే ప్రతి పట్టానీ పరీక్షించి గానీ బయటికి పంపరు. మీ పార్లర్‌లో ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు?”

“నేనే చేస్తాను,” అంది వదిన, కాస్త కోపంగానే. వెనకవైపు జుట్టులోంచి చిన్న పాయ తీసుకుంటుంది. తడిపి లాగి చూస్తుంది. సాగి మళ్లీ వెనక్కి వస్తే జుట్టులో బలం ఉన్నట్టు. జిగురులా సాగిపోయినా, పుటుక్కున తెగినా ఆ కస్టమర్‌కి మందు పెట్టదు. తర్వాత ఆ పాయ మీదే మందు పెట్టి చూశాక మిగతా తల. ఇలా చేసే పార్లర్లు ఎన్ని ఉన్నాయన్నది వేరే సంగతి. చేసేవాళ్లు ఉన్నారంటే అది ఆ వృత్తికి గౌరవమే.

అక్కడితో ఆగకుండా వదిన ఒక గట్టి ప్రశ్న వేసింది. “నువ్వు వేడి మేలంటావు, మందు చెడ్డదంటావు. మరి రోజూ పొద్దున్నే ఐరన్ పెట్టుకునే పిల్లల సంగతేంటి? ఏడాదికి ఒక్కసారి మందు పెట్టించుకున్న పిల్ల జుట్టు కంటే, రోజూ 230 డిగ్రీల్లో ఇస్త్రీ చేసుకున్న పిల్ల జుట్టే ఎక్కువ విరుగుతుంది. నా కళ్లతో చూశాను.”

మరదలు ఒప్పుకుంది. ఎండిన వెంట్రుకలో కెరాటిన్ రూపం చెడేది దాదాపు ఆ వేడిలోనే. తడి వెంట్రుకలో 150 డిగ్రీల దగ్గరే చెడడం మొదలవుతుంది. తడిగా ఉండగానే ఐరన్ పెడితే ఇంకో ముప్పు కూడా ఉంది. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, వెంట్రుక మధ్యలో బుడగలు ఏర్పడతాయి. మైక్రోస్కోప్ కింద అవి స్పష్టంగా కనబడతాయి. అక్కడే వెంట్రుక విరుగుతుంది. ఐరన్ పెట్టినప్పుడు సుయ్‌మని చప్పుడు వస్తే, ఆ చప్పుడుకి అర్థం అదే.

“కాబట్టి రోజూ వద్దు. పూర్తిగా ఆరాక, వేడి నుంచి కాపాడే సీరమ్ రాసి, సన్నటి పాయలు తీసుకుని, ఒక పాయ మీద ఒక్కసారే. 180 దాటొద్దు. పెళ్లికి ఒక పూట చాలు కదా?”

“పెళ్లి ఎక్కడ? మీ ఊళ్లోనే కదా?” వదిన నవ్వింది. “మే నెలలో భిలాయ్‌లో ఐరన్ చేస్తే సాయంత్రం దాకా అలాగే ఉంటుంది, ఇక్కడి గాలిలో తేమ ఉండదు. అదే జుట్టుతో శ్రీకాకుళం వెళ్తే, మండపం ఎక్కేలోపు మళ్లీ పొంగిపోతుంది. నువ్వు చెప్పిన హైడ్రోజన్ బంధాలే కదా, నీళ్లు తగిలితే విడిపోయేవి?”

ఇక్కడ వదినదే పైచేయి. సముద్రం గాలి తగిలే ఊళ్లో వేడితో చేసిన సాఫీ నిలవదు. మరదలి దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ఏసీ హాలు, తేమ చొరబడకుండా సిలికాన్ సీరమ్, మండపానికి బయల్దేరే ముందు ఐరన్ అని కొన్ని ఉపాయాలు చెప్పింది. అవి కొంత పనిచేస్తాయి, పూర్తిగా కాదు.

అప్పుడు వదిన అల్మారా తెరిచి ఒక డబ్బా తీసింది. “రీబాండింగ్ వద్దంటే ఇది చేద్దాం. ఇందులో ఫార్మాల్డిహైడ్ లేదు. బంధాలు తెంచదు. నానోప్లాస్టియా. పట్టులా అవుతుంది.”

మరదలు డబ్బా అందుకుని వెనక్కి తిప్పింది. ఆ మధ్యాహ్నం వాదం మలుపు తిరిగింది అక్కడే.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో బ్రెజిల్ నుంచి లోకమంతా పాకిన పద్ధతిలో అసలు పని చేసింది చాలాసార్లు ఫార్మాల్డిహైడే. క్రీములో అది నీళ్లతో కలిసి మిథిలీన్ గ్లైకాల్ రూపంలో ఉంటుంది. పైన ఐరన్ పెట్టగానే ఆవిరిగా బయటికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లోనే ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, ఊపిరాడడం లేదనీ కళ్లు మండుతున్నాయనీ సెలూన్ పనివాళ్లు ఫిర్యాదు చేస్తే, అక్కడి కార్మిక భద్రతా విభాగం సీసాలు పరీక్షించింది. ఫార్మాల్డిహైడ్ లేదని లేబుల్ మీద రాసి ఉన్న ద్రవంలో సగటున 8 శాతానికి పైగా ఫార్మాల్డిహైడ్ తేలింది. మరుసటి ఏడాది దేశమంతటా సెలూన్లకు హెచ్చరిక జారీ అయింది.

“కస్టమర్ ఆర్నెల్లకోసారి వస్తుంది వదినా. ఆ పొగ రోజూ పీల్చేది నువ్వు, నీ దగ్గర పని నేర్చుకునే పిల్లలు.”

వదిన కొంచెంసేపు మాట్లాడలేదు. ఒకప్పుడు ఒక కంపెనీ క్రీము వాడిన రోజుల్లో ఫ్యాన్ తిప్పినా కళ్లు నీళ్లు కారేవని, దగ్గు వచ్చేదని, అందుకే అది మానేసి దీనికి మారానని చెప్పింది. “ఇందులో ఆ వాసనే రాదు,” అంది.

“రాదు. ఇందులో ఉన్నది గ్లయోక్సిలిక్ యాసిడ్, ఇదిగో ఇక్కడ రాసుంది. దీని ముప్పు కిడ్నీలకి.”

ఈ సంగతి చాలామంది పార్లర్ వాళ్లకు ఇంకా చేరలేదు కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ వైద్యులు ఒక కేసు ప్రచురించారు. అంతకుముందు ఏ జబ్బూ లేని 26 ఏళ్ల యువతి. 2020 జూన్, 2021 ఏప్రిల్, 2022 జులై నెలల్లో మూడుసార్లు జుట్టు సాఫీ చేయించుకుంది. మూడుసార్లూ వాంతులు, విరేచనాలు, జ్వరం, నడుం నొప్పి. మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. మందు పెట్టేటప్పుడు నెత్తి మండింది, తర్వాత పుండ్లు పడ్డాయి. ఆ క్రీములో 10 శాతం గ్లయోక్సిలిక్ యాసిడ్ ఉంది. అదే క్రీమును వైద్యులు ఎలుకల చర్మానికి రాస్తే వాటి కిడ్నీల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనబడ్డాయి. అంటే ఆ ఆమ్లం చర్మం గుండా ఒంట్లోకి చేరి, అక్కడ ఆక్సలేట్‌గా మారి, కిడ్నీల్లో పేరుకుంటోందన్నమాట. అంతకుముందే ఇజ్రాయెల్‌లో ఇలా జుట్టు సాఫీ చేయించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది కేసులు వైద్యపత్రికకెక్కాయి. వాళ్లలో ముగ్గురికి డయాలిసిస్ చేయాల్సి వచ్చింది.

“నా కస్టమర్లలో ఎవరికీ అలా కాలేదు,” అంది వదిన, ఈసారి గొంతులో ముందున్న ధీమా లేదు.

“కాకపోవచ్చు. అందరికీ అవుతుందని నేనూ అనడం లేదు. కానీ వాంతులు, నడుం నొప్పి వస్తే ఆ పిల్ల నీ దగ్గరకి వచ్చి చెబుతుందా? డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. ఏం తిన్నావని డాక్టర్ అడుగుతాడు గానీ తలకి ఏం పెట్టుకున్నావని ఎందుకు అడుగుతాడు?”

వదిన దగ్గర ఇంకో అస్త్రం ఉంది. క్యాన్సర్ అంటూ ఫోన్లలో తిరిగే భయాలన్నీ ఒట్టివేనంది. ఈ విషయంలో మరదలు నిజాయితీగానే మాట్లాడింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు 33,497 మంది స్త్రీలను పరిశీలించి 2022 అక్టోబరులో ఫలితాలు ప్రకటించారు. స్ట్రెయిటనింగ్ మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, తరచూ వాడినవాళ్లలో 4.05 శాతం. తరచూ అంటే ఏడాదిలో నాలుగుసార్లకు మించి. “రెట్టింపు కంటే ఎక్కువే. కానీ సంబంధం కనబడిందంతే, కారణం అదేనని రుజువు కాలేదు. పెళ్లికి ఒక్కసారి చేయించుకున్న పిల్లకి ఆ లెక్క వర్తించదు. ఆ పేరు చెప్పి దీన్ని భయపెట్టను.”

ఈ నిదానం వల్లే వదిన మిగతా మాటలు కూడా వింది.

ఆ తర్వాత మరదలు వంటింటి వైపు నడిచింది. కొబ్బరినూనె, మెంతులు, మందారాకు, కుంకుడుకాయ అంటూ మొదలుపెట్టగానే వదిన పట్టుకుంది. “మెంతుల ముద్ద పెడితే ఉంగరం విడిపోతుందా? చెప్పు! కెమిస్ట్రీ టీచరువి.” విడిపోదు. బెండకాయ జిగురు, అవిసె గింజల జిగురు, అరటిపండు, ఏదీ డైసల్ఫైడ్ బంధాన్ని ముట్టుకోదు. అవి పైన పూతలా పరుచుకుని పొంగుని అణిచి పెడతాయి, అంతే. ఇంటి చిట్కాలతో నెల రోజుల్లో శాశ్వతంగా సాఫీ అని చెప్పేవన్నీ అబద్ధాలు. కుంకుడు రసం చిక్కగా పెట్టి రుద్దితే ఉంగరాల జుట్టు మరింత బిరుసెక్కుతుందని కూడా వదినే చెప్పింది. నెత్తిమీది నూనె వంపుల గుండా చివరిదాకా దిగదు కాబట్టి ఆ జుట్టు అసలే పొడిగా ఉంటుంది.

కొబ్బరినూనె సంగతి వేరు. తలంటుకి ముందు రాస్తే వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడం తగ్గుతుందని, అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుకలోకి ఇంకుతుందని, సన్‌ఫ్లవర్ నూనెకీ మినరల్ నూనెకీ ఆ గుణం లేదని 2003లో రెలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. వాళ్లు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీలో. ఆ సంగతి తెలిసి చదివినా, వాదన గట్టిగానే ఉంది.

“సాఫీ చేయడం మాట పక్కన పెడితే, పొంగు తగ్గించడం నా చేతిలో పని,” అంది వదిన. ఇక్కడ మరదలు వినడమే మిగిలింది. ఎండిన ఉంగరాల జుట్టును దువ్వడమే సగం పొంగుకి కారణం. కండిషనర్ పెట్టి తడిగా ఉండగానే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. తువ్వాలుతో రుద్దకూడదు, పాత నూలు గుడ్డతో అద్దాలి. సాంబ్రాణి ధూపం వేసుకునేటప్పుడు కూడా జుట్టును పాయలుగా చాపి పట్టుకుంటే సగం సాఫీ అవుతుంది. ఇరవయ్యేళ్ల కత్తెర అనుభవం ఉన్న మనిషి మాటలు ఇవి, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేనివి.

అంతవరకు వింటూ కూర్చున్న పిల్ల అప్పుడు నోరు విప్పింది. “రెండు నెలలుగా కాలీ మెహందీ పెడుతున్నానమ్మా. బజార్లో ప్యాకెట్టు.”

వదిన చేతిలో దువ్వెన ఆగింది. “ముందే చెప్పవేం? ఇంక దీనికి రీబాండింగ్ నేను చేయను.” కారణం ఆమే చెప్పింది. నల్లగోరింట పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు. అలాంటి జుట్టుకి పెరాక్సైడ్ తగిలితే వేడి పుట్టి, వెంట్రుక మధ్యకి తెగిపోవచ్చు. ప్యాకెట్టు మీద లేకపోయినంత మాత్రాన లోపల లేదని నమ్మడానికి లేదు. “పెళ్లి ముందు పెట్టుకుని ఆ ప్రమాదం తెచ్చుకోను.”

వాదంలో గెలుపెవరిదో తేల్చాల్సిన పని అక్కడితో పోయింది. ముహూర్తానికి ఎలాగూ పూలజడే. రాగిడి, జడగంటలు, మల్లెల దండ నిలవాలంటే ఒత్తైన ఉంగరాల జుట్టే నయం, సాఫీ జుట్టు మీంచి పూలు జారిపోతాయి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ గర్వమంతా ఆ జడలోనే ఉంటుందని మరదలు గుర్తుచేసింది. రిసెప్షన్ మాత్రం పిల్ల కోరినట్టే. ఏసీ హాలు పక్క గదిలో, బయల్దేరే ముందు, తల్లి చేత్తో డ్రయ్యర్, ఆపైన 180 దాటని ఐరన్, ఒక్కో పాయకు ఒక్కసారే. వారం ముందు ఒకసారి చేసి చూసుకోవాలని కూడా అనుకున్నారు. సాఫీగా ఉండాలన్న ఆశకు ఇందులో లోటేమీ రాలేదు, జుట్టు బలమూ చాలావరకు మిగిలింది.

సాఫీ జుట్టు మీద మోజు ఈ ఒక్క ఇంటిదే కాదు. లోకం సంగతి చూస్తే, తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన జుట్టును టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తుంది. అది విగ్గులై, సవరాలై ఎన్నో దేశాలు చేరుతుంది. అమెరికా హాస్యనటుడు క్రిస్ రాక్ 2009 డాక్యుమెంటరీ ‘గుడ్ హెయిర్’లో ఆ ప్రయాణం కనిపిస్తుంది. నల్లజాతి స్త్రీలు జుట్టు సాఫీ చేసుకోవడానికి పడే బాధలు, పెట్టే ఖర్చు కూడా అందులోనే ఉన్నాయి. జాతితో ముడిపడిన సహజమైన జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో చిన్నచూపు చూడకూడదని 2019లో కాలిఫోర్నియా చట్టమే చేసింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. పెళ్లిచూపుల్లో జుట్టు గురించి అనే మాటలు మాత్రం ఉన్నాయి. పిల్లల్ని మందుల వైపు నెట్టే కారణాల్లో అవీ ఉన్నాయి.

వదిన ఆ డబ్బాను కొన్న డీలరుకే తిప్పి పంపేస్తానంది. ఇక మీద ఏ క్రీము కొన్నా వెనకవైపు చదివి గానీ తీసుకోనంది. జుట్టు సాఫీ చేయించుకోవాలనుకునేవాళ్లూ ఆ పని చేయాలి. డబ్బా చూపించమని అడగండి. గ్లయోక్సిలిక్ యాసిడ్, ఫార్మాల్డిహైడ్, ఫార్మలిన్, మిథిలీన్ గ్లైకాల్ అన్న పేర్లలో ఏది కనబడినా లేచి వచ్చేయండి. పాయ మీద పరీక్ష చేయకుండా మందు పెడతామంటే ఒప్పుకోవద్దు. తలకు ముందు ఏ రంగు, ఏ గోరింట పెట్టారో దాచొద్దు. గర్భిణులు, పసిపిల్లలు ఆ మందుల పొగ దగ్గర ఉండొద్దు. చేయించుకున్న రోజు గానీ ఆ తర్వాతి రోజుల్లో గానీ వాంతులు, నడుం నొప్పి వస్తే, మూత్రం తగ్గితే, తలకు పెట్టించుకున్న మందు పేరు డాక్టర్‌కి చెప్పి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.